పోటు పట్టిక చూసుకుని బయల్దేరండి: సాన్ మాలో తీరంలో సెలవు రోజులు

(పారిస్ పరిసరాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరబద్ధం చేశాం.)

అందరికీ నమస్కారమండి. సెలవులకి ఎక్కడికి వెళ్దాం అనే మాట ఇప్పుడు అందరిళ్ళలోనూ నడుస్తోంది కాబట్టి, నాకు బాగా తెలిసిన తీరం గురించి చెప్పమన్నారు. నేను రెన్ నగరంలో ఉంటాను. అక్కణ్ణుంచి రైల్లో దాదాపు గంట వెళ్తే సాన్ మాలో అనే రేవు ఊరు. బస్సులో గంటకు కాస్త పైన వెళ్తే మోన్ సాన్ మిషెల్, అంటే సముద్రం అంచున పాత మఠం ఉన్న రాతి కొండ. బ్రిటనీ, నార్మండీ ప్రాంతాలు కలిసే చోటు అది. మీరు పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే రెండున్నర గంటల లోపే సాన్ మాలోలో దిగొచ్చు.

చూడాల్సిన వాటి జాబితా నేను చదవను. అది అందరి ఫోన్లలోనూ దొరుకుతుంది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ తీరానికి వెళ్ళేముందు, రైలు టికెట్ కంటే ముందు, హోటల్ కంటే ముందు, ఆటుపోట్ల పట్టిక చూడండి. ఏ రోజున వెళ్ళాలో, ఏ పూట ఎక్కడ ఉండాలో అదే చెబుతుంది.

ఎందుకంటున్నానో వినండి. మనవాళ్ళు మోన్ సాన్ మిషెల్ చూడ్డానికి చేసే ప్రయాణం మామూలుగా ఇలా ఉంటుంది. పొద్దున్నే పారిస్‌లో టూరిస్టు బస్సు ఎక్కుతారు. నాలుగు గంటలకు పైగా ప్రయాణం. మధ్యాహ్నానికి కొండ దగ్గర దిగి, గుంపులో పడి పైకెక్కి, ఫొటోలు తీసుకుని, సాయంత్రం నాలుగైదింటికి మళ్ళీ బస్సెక్కుతారు. ఇంటికొచ్చాక "కొండ బాగుంది గానీ, చుట్టూ నీళ్ళున్నట్టు ఫొటోల్లో చూశాం, మాకు ఇసుక, బురద తప్ప ఏమీ కనబడలేదు" అంటారు. వాళ్ళు దురదృష్టవంతులు కారండి. ఆ వేళకి వెళ్తే అలాగే కనబడుతుంది. దాని వెనక లెక్క ఉంది. ముందు ఆ లెక్క చెప్పి, తర్వాత ఊళ్ళలోకి వెళ్దాం.

విశాఖపట్నం దగ్గర సముద్రం ఆటుకీ పోటుకీ మధ్య ఒకటిన్నర మీటరు అటూఇటూ మారుతుంది. అందుకే బీచ్‌కి వెళ్ళేవాళ్ళెవరూ పోటు ఎప్పుడని అడగరు. చేపలకి వెళ్ళేవాళ్ళు మాత్రమే చూసుకుంటారు. సాన్ మాలోలో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 12 మీటర్లు దాటుతుంది. మోన్ సాన్ మిషెల్ అఖాతం లోపల ఇంకా ఎక్కువ, 14 మీటర్ల దాకా ఉంటుంది. నాలుగంతస్తుల భవనం ఎత్తున నీళ్ళు ఆరు గంటల్లో ఎక్కి, ఆరు గంటల్లో దిగిపోతాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే పోటు కెరటం ఇంగ్లిష్ ఛానల్‌లోకి దూరేసరికి దారి ఇరుకవుతుంది. కొతాంతాన్ ద్వీపకల్పం అడ్డంగా నిలబడి ఉంటుంది. లోతు తక్కువ. పోవడానికి చోటు లేక నీళ్ళు ఈ మూలలో పోగవుతాయి. యూరప్‌లో ఇంతకన్నా పెద్ద పోట్లు వచ్చే చోట్లు చాలా అరుదు.

ఫ్రాన్స్‌లో ప్రతి పోటుకీ ఒక అంకె ఇస్తారు. కోఎఫిసియాన్ అంటారు. 20 నుంచి 120 దాకా ఉంటుంది. 70 అంటే సగటు పోటు. 95 దాటితే పెద్ద పోటు. 110 దాటితే ఊరంతా చూడ్డానికి వస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజుల తర్వాత అంకె పెరుగుతుంది. సంవత్సరం మొత్తంలో మార్చి, సెప్టెంబరు నెలల్లో వచ్చేవి అన్నిటికన్నా పెద్దవి. పట్టికలు టూరిస్టు ఆఫీసులో, పేపర్లమ్మే కొట్లో దొరుకుతాయి, ఫోన్‌లోనూ చూడొచ్చు.

ఇక అసలు సంగతి. ఒక రేవులో పెద్ద పోట్లు ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేళకి వస్తాయి. సాన్ మాలోలో అయితే ఉదయం ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో ఒకటి, రాత్రి ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో ఇంకొకటి. నెలని బట్టి, గడియారం మార్చుకోవడాన్ని బట్టి కొంచెం అటూఇటూ. అంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో సముద్రం బాగా వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. మరి చిన్న పోట్ల రోజుల్లో? అప్పుడు మధ్యాహ్నమే పోటు వస్తుంది, కానీ ఆ నీళ్ళు మోన్ సాన్ మిషెల్ కొండ మొదలు దాకా రానే రావు. ఇప్పుడు బస్సులో వెళ్ళినవాళ్ళ సంగతి చూడండి. పెద్ద పోటు రోజున వెళ్తే వాళ్ళున్న వేళకి ఆటు. చిన్న పోటు రోజున వెళ్తే నీళ్ళు అంత దూరం రావు. మధ్యాహ్నం చూసి వచ్చేసేవాళ్ళకి ఆ కొండ దీవిగా కనబడే అవకాశం దాదాపు లేదన్నమాట. డబ్బు ఖర్చు పెట్టి, తొమ్మిది గంటలు బస్సులో కూర్చుని, చూడాల్సింది చూడకుండా వస్తున్నారే అని నాకు నిజంగా బాధేస్తుంది. ఒక్క రాత్రి అక్కడ ఉంటే సరిపోతుంది.

సరే, సాన్ మాలోతో మొదలుపెడదాం. స్టేషన్ నుంచి పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే కోటగోడ లోపలి పాత ఊరు వస్తుంది. చుట్టూ గ్రానైట్ గోడ, దాని మీద దాదాపు రెండు కిలోమీటర్ల నడకదారి. టికెట్ లేదు. గోడ మీద ఒక చుట్టు చుట్టడానికి గంట చాలు గానీ, నా మాట విని రెండుసార్లు చుట్టండి. ఆటులో ఒకసారి, పోటులో ఒకసారి. మధ్యాహ్నం కింద ఇసుక మీద పిల్లలు ఆడుకుంటూ కనబడిన చోటే, రాత్రికి అల గోడకి కొట్టి తుంపరలు మీ ముఖం మీద పడతాయి. ఎదురుగా సియోన్ అనే పొడవైన బీచ్ ఉంది. అక్కడ గోడ ముందు ఓక్ మానులు వరసలు వరసలుగా పాతి ఉంటాయి. సుమారు మూడు వేల మానులు. అల దెబ్బ గోడకి నేరుగా తగలకుండా విరగ్గొట్టడానికి పందొమ్మిదో శతాబ్దంలో పాతడం మొదలుపెట్టారు. పాడైనవాటి స్థానంలో కొత్తవి వేస్తూనే ఉన్నారు. పెద్ద పోటుకి ఈదురుగాలి తోడైతే ఆ రోడ్డు మీద నిలబడకండి, మునిసిపాలిటీవాళ్ళు మూసేస్తారు కూడా.

గోడ మీద నుంచి చూస్తే దగ్గర్లోనే చిన్న చిన్న దీవులు కనబడతాయి. గ్రాన్ బే, పెతీ బే, ఫోర్ నాసియొనాల్. ఆటులో ఇసుక తేలి, రాళ్ళ దారి బయటపడుతుంది. నడిచి వెళ్ళిపోవచ్చు. పోటులో మళ్ళీ దీవులైపోతాయి. గ్రాన్ బే మీద షాతోబ్రియాన్ అనే రచయిత సమాధి ఉంది. ఆయన 1768లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, 1848లో పోయాడు. ఫ్రెంచి సాహిత్యంలో చాలా పెద్ద పేరు. సముద్రం, గాలి తప్ప ఇంకేమీ వినబడని చోట తనని ఉంచమని కోరుకున్నాడు. సమాధి రాయి మీద పేరు లేదు. ఒక గ్రానైట్ సిలువ, ఎదురుగా సముద్రం, అంతే. అక్కడికి వెళ్ళినప్పుడు పిల్లల్ని కాస్త నెమ్మదిగా ఉండమనండి.

ఫోర్ నాసియొనాల్ 1689లో కట్టిన కోట. లోపలికి వెళ్ళే వేళలు ప్రతిరోజూ మారతాయి, ఎందుకంటే అవి ఆటుని బట్టే ఉంటాయి. కోట మీద జెండా ఎగురుతుంటే తెరిచి ఉన్నట్టు. ఈ దీవుల దగ్గర ఒక్క జాగ్రత్త. నీళ్ళు ఎక్కడం మొదలయ్యాక "ఇంకో అయిదు నిమిషాలు" అనుకోవద్దు. దారి మునిగిపోతే మళ్ళీ తేలేదాకా, అంటే గంటల తరబడి, దీవి మీదే ఉండాలి. మోకాళ్ళ లోతే కదా, దాటేద్దాం అని దిగడం మరీ ప్రమాదం, ప్రవాహం లాగేస్తుంది.

కోటగోడ కింద బోన్ సెకూర్ బీచ్‌లో ఒక స్విమ్మింగ్ పూల్ ఉంది, మా పిల్లలకి ఊరంతటిలోకీ అదే ఇష్టం. ఇసుకలో కట్టిన మూడువైపుల గోడ. పోటు వచ్చి నింపి వెళ్తుంది. సముద్రం దూరంగా వెళ్ళిపోయినా అందులో నీళ్ళు నిలిచి ఉంటాయి. పక్కన డైవింగ్ టవర్. పోటులో పూల్ మొత్తం మాయమై, టవర్ ఒక్కటే నీళ్ళలోంచి పైకి కనబడుతుంది.

ఈ ఊరి చరిత్రలో మనకి సంబంధించిన ముక్క ఒకటుంది. సాన్ మాలో ఓడ యజమానుల, కోర్సేర్ల ఊరు. కోర్సేర్లంటే రాజు దగ్గర అనుమతిపత్రం పుచ్చుకుని శత్రుదేశం వర్తక ఓడల్ని పట్టుకునేవాళ్ళు. వాళ్ళలో రొబేర్ సుర్కూఫ్ విగ్రహం కోటగోడ పక్కన సముద్రం వైపు చెయ్యి చాపి నిలబడి ఉంటుంది. 1800 అక్టోబరులో ఆయన తన చిన్న ఓడతో కెంట్ అనే పెద్ద ఈస్టిండియా కంపెనీ ఓడని పట్టుకున్నాడు. ఎక్కడనుకున్నారు? మన బంగాళాఖాతంలో. అలాగే 1746లో ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి మద్రాసుని పట్టుకున్న లా బూర్దొన్నే 1699లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. మీలో యానాం నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయని తెలుసు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు మీది. ఫ్రాన్స్ వైపు నుంచి ఆ కథ ఎలా మొదలైందో చూడాలంటే ఇలాంటి రేవులకి రావాలి. ఒక్క మాట మాత్రం పిల్లలకి చెప్పండి. ఆ విగ్రహాల వెనక వీరగాథలు మాత్రమే లేవు. సుర్కూఫ్ బానిసల వ్యాపారం కూడా చేశాడు. ఈ గ్రానైట్ మేడల్లో కొంత డబ్బు అలా వచ్చిందే.

మీరు చూసే ఈ పాత ఊరు నిజానికి అంత పాతది కాదు. 1944 ఆగస్టులో జర్మన్ల నుంచి ఊరిని విడిపించే యుద్ధంలో బాంబులకీ మంటలకీ లోపలి ఊరు సుమారు 80 శాతం బూడిదైంది. కోటగోడ చాలావరకు నిలబడింది. తర్వాత పాత తీరు చెడకుండా, అదే రాయితో, అదే ఎత్తుతో మళ్ళీ కట్టుకున్నారు. కతెద్రాల్ (ఊళ్ళోని పెద్ద చర్చి) గోపుర శిఖరం పూర్తయ్యేసరికి 1970లు వచ్చాయి. లోపల కిటికీ అద్దాలు చూడండి, పాతవి పోయి కొత్తవి పెట్టిన రంగులు. పొద్దున పూట ఎండ పడితే నేల మీద రంగులు పరుచుకుంటాయి. నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా గౌరవం కలిగించే విషయం ఈ తిరిగి కట్టుకోవడమే.

సాన్ మాలో రేవు నుంచి చిన్న లాంచీ ఎక్కితే పదినిమిషాల్లో అవతలి ఒడ్డున దినార్. పాత ధనవంతుల విల్లాలు, సముద్రం వెంబడి పూలమొక్కల నడకదారి. పూట చాలు. తిరిగి వచ్చేటప్పుడు లాంచీ కాకుండా రోడ్డు దారిన రండి, రాన్స్ నది ముఖద్వారం దగ్గర ఆనకట్ట మీదుగా. ఇంజినీర్లు ఎంతమంది ఉన్నారు ఈ హాల్లో? (చాలామంది చేతులెత్తారు) అయితే ఇది మీకోసం.

అది మామూలు ఆనకట్ట కాదండి, పోటుతో కరెంటు తీసే కేంద్రం. 1966లో ప్రారంభమైంది. 750 మీటర్ల పొడవు, లోపల 24 బల్బ్ టర్బైన్లు, ఒక్కొక్కటి 10 మెగావాట్లు, మొత్తం 240. దక్షిణ కొరియాలో సిహ్వా కేంద్రం 2011లో వచ్చేదాకా ప్రపంచంలో పోటు కరెంటు కేంద్రాల్లో ఇదే పెద్దది. నీళ్ళు లోపలికి వచ్చేటప్పుడూ, బయటికి పోయేటప్పుడూ కూడా తిరగగలిగే టర్బైన్లు అవి. రోడ్డు మీద నిలబడి చూస్తే ఒకవైపు నీటిమట్టం ఎక్కువ, ఇంకోవైపు తక్కువ, కింద సుళ్ళు. లోపల ప్రదర్శనశాల ఉంది, బాగా వివరిస్తారు. పడవలు పోవడానికి లాక్ (నీటి గేటు) తెరిచినప్పుడు రోడ్డు పైకి లేస్తుంది, కార్లు ఆగిపోతాయి. కాస్త ఓపిక పట్టాలి.

అయితే ఇందులో రెండో వైపు కూడా ఉంది. కట్టేటప్పుడు నదీముఖాన్ని దాదాపు మూడేళ్ళు సముద్రం నుంచి పూర్తిగా మూసేశారు. లోపల చేపలు, గవ్వలు, గడ్డి చాలావరకు చచ్చిపోయాయి. మళ్ళీ జీవం కుదురుకోవడానికి పదేళ్ళ పైన పట్టింది. ఒండ్రు పేరుకోవడం ఇప్పటికీ సమస్యే. బొగ్గు కాల్చకుండా ఇన్నేళ్ళుగా కరెంటు ఇస్తున్న కేంద్రం అది. దాన్ని మెచ్చుకుంటూనే ఈ మాట కూడా పిల్లలకి చెప్పాలి అని నా ఉద్దేశం.

ఇక కాన్‌కాల్. సాన్ మాలో నుంచి బస్సు ఉంది. ఆల్చిప్పల ఊరు. పద్నాలుగో లూయీ రాజుకి ఇక్కణ్ణుంచే వెళ్ళేవట. రేవు చివర లైట్‌హౌస్ పక్కన నాలుగైదు బండ్లుంటాయి, పెంచేవాళ్ళే అక్కడ అమ్ముతారు. డజను కొంటే మీ ముందే చిప్పలు విప్పి, నిమ్మకాయ ముక్కతో ప్లేటులో పెట్టిస్తారు. మెట్ల మీద కూర్చుని తిని చిప్పలు కింద ఒడ్డు మీదకి విసిరేయడం అక్కడి ఆచారం. ఆ ఒడ్డంతా తెల్లగా చిప్పలతో నిండి ఉంటుంది. పచ్చివి తినలేనివాళ్ళు మసెల్స్ అడగండి, ఆల్చిప్పల్లాంటివే, నల్ల చిప్పలవి. ఉడికించి, బంగాళాదుంప వేపుళ్ళతో ఇస్తారు. ఈ అఖాతంలో చెక్క గుంజల మీద పెంచే మసెల్స్‌కి ఫ్రాన్స్‌లో చాలా పేరుంది.

కాన్‌కాల్‌కి కూడా ఆటులోనే వెళ్ళాలి. పోటులో మామూలు రేవులా ఉంటుంది. ఆటులో సముద్రం తప్పుకున్నాక కింద ఎకరాల కొద్దీ తోటలు బయటపడతాయి. ఇనప బల్లల మీద సంచుల్లో ఆల్చిప్పలు. ట్రాక్టర్లు బురదలోకి దిగుతాయి. మనుషులు తొడల దాకా బూట్లేసుకుని సంచులు తిరగేస్తూ ఉంటారు. నీళ్ళు రావడానికి ముందు ఆ రోజు పని అయిపోవాలి. వాళ్ళకి ఆదివారమూ లేదు, తొమ్మిది నుంచి అయిదూ లేదు, పట్టికే డ్యూటీ చార్టు. పూర్వం మగవాళ్ళు నెలల తరబడి కాడ్ చేపలకోసం కెనడా దాకా వెళ్తే, ఇక్కడ ఆల్చిప్పలు ఏరి కడిగే పని ఆడవాళ్ళది. ఊళ్ళో చర్చి దగ్గర ఆ ఆడవాళ్ళ విగ్రహం ఉంది. సుర్కూఫ్ విగ్రహం ముందు ఎంతసేపు నిలబడ్డారో, ఇక్కడా అంతసేపు నిలబడండి.

కాన్‌కాల్ నుంచి కొండచరియ అంచున ఒక కాలిబాట సాగుతుంది. పేరు జీఆర్ 34 (GR 34). పూర్వం దొంగసరుకు దింపేవాళ్ళని పట్టుకోవడానికి సుంకం జవాన్లు రాత్రింబవళ్ళు నడిచిన దారి. ఇప్పుడు బ్రిటనీ తీరమంతా చుట్టి రెండు వేల కిలోమీటర్ల పైన ఉంది. మీరు పువాంత్ దు గ్రువాన్ అనే కొన దాకా నడిస్తే చాలు. తెరిపిగా ఉన్న రోజున అక్కణ్ణుంచి అఖాతానికి అవతల మోన్ సాన్ మిషెల్ చిన్న ముక్కోణంలా కనబడుతుంది. అంచున కంచె ఉండదు, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.

భోజనం సంగతి అడుగుతారని తెలుసు. శాకాహారులు భయపడక్కర్లేదు. ప్రతి వీధిలోనూ క్రెప్‌రీ, అంటే అట్ల హోటల్, ఉంటుంది. బక్‌వీట్ పిండితో పెనం మీద పల్చగా పోసేది గలెత్, అది ఉప్పటిది. గోధుమపిండిది క్రెప్, అది తియ్యటిది. గలెత్‌లో మామూలుగా హామ్, గుడ్డు, చీజ్ వేస్తారు. "సాన్ జాంబోన్" అంటే హామ్ లేకుండా ఇస్తారు. పుట్టగొడుగులు, ఉల్లిపాయ, మేకపాల చీజ్ వేసినవి దొరుకుతాయి. పెనానికి పంది కొవ్వు రాసే పాత అలవాటు కొన్నిచోట్ల ఉంది, పట్టింపున్నవాళ్ళు ముందే అడగండి. మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటిళ్ళు మూసేస్తారు, ఆ టెన్షన్ లేకుండా పన్నెండున్నరకే కూర్చోండి.

ఇప్పుడు మోన్ సాన్ మిషెల్. కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

708లో అవ్రాంష్ బిషప్ ఒబేర్ ఈ రాతి కొండ మీద చిన్న ప్రార్థనాలయం కట్టించాడని చెబుతారు. 966లో బెనెడిక్టిన్ సన్యాసులు వచ్చారు. 1023 ప్రాంతంలో పెద్ద చర్చి మొదలైంది. ఆలోచించండి, కొండ శిఖరం సూదిగా ఉంటుంది. దాని మీద అంత చర్చికి చోటు లేదు. అందుకని శిఖరం చుట్టూ నాలుగువైపులా నేలమాళిగలు కట్టి, వాటి నెత్తిన చర్చిని నిలబెట్టారు. రాయి షోజే దీవుల నుంచి పడవల్లో, అదీ పోటు చూసుకుని తెచ్చారు. పదమూడో శతాబ్దం మొదట్లో ఉత్తరం వైపు ఇంకో కట్టడం లేచింది. దాని పేరే మెర్వెయ్, అద్భుతం. మూడంతస్తులు. కింద పేదలకి అన్నం పెట్టే గది, మధ్యలో అతిథుల హాలు, పైన సన్యాసుల భోజనశాల, దాని పక్కన ఆకాశానికి తెరిచిన ముంగిలి, చుట్టూ సన్నటి రాతి స్తంభాల జోడు వరసలు. అంత బరువైన కట్టడం నెత్తిన అంత తేలికైన చోటు ఉంటుందని ఊహించం. గుంపు ముందుకు తోస్తుంది. మీరు ఒక మూల కూర్చుండిపోండి.

ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ జరిగిన నూరేళ్ళ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు చుట్టుముట్టినా ఈ కొండని పట్టుకోలేకపోయారు. 1434లో వదిలేసి పోయిన వాళ్ళ ఫిరంగులు రెండు ద్వారం దగ్గరే ఉన్నాయి. ఫ్రెంచి విప్లవం తర్వాత 1863 దాకా ఇది జైలు. లోపల ఒక పెద్ద చెక్క చక్రం చూపిస్తారు. ఖైదీలు దాని లోపల నడుస్తుంటే చక్రం తిరిగి, సామాను కింద నుంచి పైకి వచ్చేది. సన్యాసుల కథలు విన్నాక ఆ చక్రం ముందు నిలబడితే మనసు భారమవుతుంది. శిఖరం మీద మెరిసే దేవదూత సాన్ మిషెల్ విగ్రహం ఫ్రెమియే అనే శిల్పి చేసినది, 1897లో పెట్టారు.

అయితే ఇన్ని శతాబ్దాల కట్టడాన్ని సముద్రం నుంచి మనుషులే విడదీయబోయారు. 1879లో ఒడ్డు నుంచి కొండ దాకా గట్టి కరకట్ట వేశారు. నీళ్ళు చుట్టూ తిరగడానికి దారి పోయింది. కొండ దగ్గర సముద్రంలో కలిసే క్వేనోన్ నదిని కాలువలా బిగించారు. చుట్టూ ఒండ్రు పేరుకుని గడ్డి మొలిచింది. అలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి కొండ పచ్చికలో మిగిలిపోయేది. అందుకని పెద్ద పని పెట్టుకున్నారు. 2009లో క్వేనోన్ మీద కొత్త గేట్ల ఆనకట్ట వచ్చింది. పోటు నీళ్ళని లోపలికి రానిచ్చి పట్టి ఉంచుతుంది. ఆటు మొదలయ్యాక వదులుతుంది, ఆ తోపుకి ఒండ్రు సముద్రంలోకి కొట్టుకుపోతుంది. 2014లో స్తంభాల మీద సన్నటి వంతెన తెరిచారు, కింద నుంచి నీళ్ళు పోతాయి. తర్వాత పాత కరకట్ట తీసేశారు. కార్ల పార్కింగ్ రెండున్నర కిలోమీటర్ల వెనక్కి వెళ్ళింది. "అంత దూరం నడవాలా" అని మనవాళ్ళు విసుక్కుంటారు. నడవాల్సిన పని లేదు, ఉచిత బస్సులున్నాయి. కానీ కాళ్ళు బాగున్నవాళ్ళు నడవండి. ముప్పావుగంటలో కొండ కొంచెం కొంచెంగా పెరుగుతూ దగ్గరవుతుంది. కరకట్ట పోయి వంతెన రావడం వల్లే, అంకె 110 దాటిన రోజున వంతెన చివర కూడా మునిగి, కొండ కాసేపు పూర్తిగా దీవి అవుతోంది.

ఆ రాత్రి అక్కడే ఉండండి. కొండ మీద హోటళ్ళు ఖరీదు, వంతెనకి ఇవతల, దగ్గర్లోని పోంతోర్సోన్ ఊళ్ళో కొంత తక్కువ. మధ్యాహ్నం గుంపులో తిరగకుండా సాయంత్రం మఠం చూడండి, బస్సులు వెళ్ళిపోయాక సందులు ఖాళీ అవుతాయి. పోటు గంటకి రెండు గంటల ముందే కోటగోడ మీదో, ఆనకట్ట మీదో చోటు చూసుకోండి. మొదట దూరాన ఒక తెల్లటి గీత కనబడుతుంది. తర్వాత చప్పుడు. నదిలో నీళ్ళు వెనక్కి తిరిగి, చిన్న కెరటం ఎదురెక్కుతూ వస్తుంది. ఇసుకలో సన్నపాయలు ఒక్కొక్కటే నిండుతాయి. గుర్రం దౌడు తీసినట్టు వస్తుందని అక్కడి నానుడి. నిజానికి అంత వేగం ఉండదు గానీ, ముందు నుంచి కాకుండా మీ వెనక పాయల్లోంచి వస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. జూన్‌లో పదింటి దాకా వెలుతురుంటుంది కాబట్టి అంతా చూడొచ్చు.

అఖాతంలో నడిచి కొండకి వెళ్ళే యాత్ర కూడా ఉంది. జెనే ఊరి నుంచి చెప్పులు లేకుండా ఆరేడు కిలోమీటర్లు. మధ్యయుగంలో యాత్రికులు వచ్చిన దారి అది. ఊబి ఇసుక, పాయలు, ఉన్నట్టుండి పొగమంచు. అందుకే లైసెన్సున్న గైడ్ లేకుండా వంద గజాలు కూడా లోపలికి వెళ్ళొద్దు. గైడ్ మీకు ఊబిలో కాలు ఎలా దిగుతుందో, ఎలా పైకి తీయాలో చూపిస్తాడు. పదేళ్ళు దాటిన పిల్లలకి ఇంతకన్నా మంచి రోజు నాకు తెలియదు. సముద్రం మీద ఏదైనా ఆపద వస్తే ఫోన్‌లో 196 నొక్కండి. తీర రక్షణ నంబరు అది. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

కారున్నవాళ్ళకి ఒక్క మాట. పడమటికి గంట లోపు కాప్ ఫ్రెయెల్ ఉంది. 70 మీటర్ల ఎర్రటి కొండచరియలు, పక్షుల గూళ్ళు, దగ్గర్లో పద్నాలుగో శతాబ్దపు లా లాత్ కోట. ఆటుపోట్లతో పని లేని రోజుకి దాన్ని ఉంచుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకావిడ: "ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. కొండ ఎక్కగలరా అండి?")

మఠం దాకా 350 మెట్లుంటాయమ్మా. మోకాళ్ళ నొప్పులుంటే పైదాకా వద్దు. కానీ వాళ్ళని ఇంట్లో వదిలి వెళ్ళకండి. ఉచిత బస్సు వంతెన మీద దింపుతుంది, ద్వారానికి కొన్ని వందల మీటర్లే. పోటు వేళకి ఆ వంతెన మీద నుంచే చూపించండి, పైకెక్కినవాళ్ళ కన్నా వాళ్ళకే బాగా కనబడుతుంది. గాలి చలిగా ఉంటుంది, ఆగస్టులో కూడా శాలువా ఉండాలి. సాన్ మాలోలో సియోన్ బీచ్ పక్కన పొడవునా చదునైన నడకదారి ఉంది, బెంచీలున్నాయి. రెండు పూటలు అక్కడ కూర్చోబెట్టండి.

(ఇంకొకాయన: "ఉద్యోగస్తులం, సెలవు మన చేతిలో ఉండదు. పెద్ద పోటు శనాదివారాల్లో రాకపోతే?")

పెద్ద పోట్లు పదిహేను రోజులకొకసారి వస్తాయి, మూడు నాలుగు రోజులు వరసగా ఉంటాయి. కాబట్టి రెండు నెలల్లో ఒక్క వారాంతమైనా మామూలుగా దొరుకుతుంది. పట్టికలో 95 దాటిన శనివారాలకి గీత గీసుకోండి. వాటిలో ఒకటి ఎంచుకుని, శుక్రవారం సాయంత్రం రైలెక్కండి. శనివారం పొద్దున కోటగోడ మీద పోటు, మధ్యాహ్నం గ్రాన్ బే. సాయంత్రానికి మోన్ సాన్ మిషెల్ చేరుకుని రాత్రి అక్కడ. ఆదివారం తిరుగు ప్రయాణం. సాన్ మాలో నుంచి కొండకి బస్సులు రోజుకి కొద్దిగానే ఉంటాయి, సాయంత్రం ఆలస్యమైతే ఉండవు. హోటల్ బుక్ చేసేముందు ఆ బస్సు వేళ చూసుకోండి.